రెండున్నర నూలు బోల్టు ఎక్కడ దొరుకుతుంది?

మన గోడపత్రికలో కవితలు వచ్చాయి, పుస్తక సమీక్షలు వచ్చాయి, సంక్రాంతి ముగ్గుల మీద వ్యాసం కూడా వచ్చింది. నట్టూ బోల్టూ గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఈ నెల ఆ లోటు నేను తీరుస్తున్నాను. నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి.

మా తాత 1972లో కొన్న ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు మా వసారాలో ఉంది. తాత పోయినప్పటి నుంచి అది కదల్లేదు. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని నాయన, నేను కలిసి ఆరు నెలలుగా తంటాలు పడుతున్నాం. చూడవచ్చిన వాళ్ళంతా ఇంజను సంగతేమిటి, రంగు ఏం వేయిస్తారు అని అడుగుతారు. మా ఆదివారాలను తినేసింది ఇంజనూ కాదు, రంగూ కాదు. బోల్టులు! అవ్వ పెట్టిన షరతు ఒక్కటే: "బండి పోకపోయినా పర్వాలేదు, ఆగాల్సిన చోట ఆగాలి." ఆగడమంటే బ్రేకు. బ్రేకును పట్టి ఉంచేది బోల్టు. కాబట్టి దీన్ని చిన్న విషయమని వదలడానికి లేదు.

ఒకే లావు, వేరే మర

ముందు ఒక మాట. బోల్టు మీద చుట్టూ తిరిగే గాడిని ఇంగ్లీషులో థ్రెడ్ అంటారు. మన మాట మర. స్క్రూను మరమేకు అనడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు. ఇక్కడి తమిళ మెకానిక్కులు మరై అంటారు. బుర్ర సరిగా లేనివాణ్ణి "మరై కళండ కేసు" అని మన బస్సుల్లో రోజూ వింటూనే ఉంటాం కదా, ఆ మరై ఇదే!

బోల్టు మేకులాంటిది కాదు. మేకు ఒరిపిడితో చెక్కను పట్టుకుంటుంది. బోల్టు బిగించినప్పుడు కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన రబ్బరు బ్యాండు వెనక్కి లాగినట్టే అదీ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే రెండు ముక్కలను కలిపి పట్టి ఉంచేది. ఆ బలమంతా మర పళ్ళ మీద పడుతుంది. అందులోనూ నట్టులోని మొదటి రెండు మూడు చుట్ల మీదే ఎక్కువ భాగం పడుతుంది. ఆ పళ్ళు ఒకదాన్నొకటి సరిగా పట్టకపోతే పైకి బిగిసినట్టు కనబడుతుంది గానీ లోపల పట్టు ఉండదు.

అందుకే "ఇంత లావు బోల్టు ఇవ్వండి" అంటే చాలదు. లావు ఒకటే అయినా మర వేరుగా ఉండొచ్చు. ఒక ఉదాహరణ చూడండి. పావు అంగుళం బోల్టు లావు 6.35 మిల్లీమీటర్లు. మెట్రిక్‌లో దానికి దగ్గరిది ఎం 6, అంటే 6 మిల్లీమీటర్లు. పాత బ్రిటిష్ సన్నమరలో పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 26 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య సుమారు 0.98 మిల్లీమీటర్లు. ఎం 6కు ఆ దూరం సరిగ్గా 1 మిల్లీమీటరు. తేడా ఎంత తక్కువో చూశారా? అందువల్ల ఎం 6 బోల్టు ఆ పాత నట్టులోకి చక్కగా ఎక్కేస్తుంది. కాకపోతే సన్నది కాబట్టి పళ్ళు దాదాపు సగం లోతే పట్టుకుంటాయి. స్పానరు వేసి గట్టిగా బిగించగానే మర ఊడి వస్తుంది, లేదా రోడ్డు మీద కుదుపులకు వదులైపోతుంది. అసలు ఎక్కని బోల్టుతో భయం లేదు. ఎక్కీ ఎక్కనట్టు ఎక్కేదే ప్రమాదం.

ఇంకో రకం ప్రమాదం మా బండికే జరిగింది. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఎం 8. ఎప్పుడో ఒక మెకానిక్కు (పేరు అనవసరం) అల్యూమినియం ఇంజను పెట్టెలోని 5/16 రంధ్రంలోకి ఎం 8 బోల్టు దూర్చాడు. రెండు చుట్లు తిరిగి అది బిగుసుకుపోయి ఉంటుంది. ఆయన పొడుగు స్పానరు వేసి బలంగా తిప్పేశాడు. ఉక్కు ముందు అల్యూమినియం మెత్తన, పాపం అదే చిరిగింది. ఆ బోల్టును విప్పితే దాని పళ్ళ మధ్య రంధ్రం మర తీగలా చుట్టుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, స్ప్రింగులా చుట్టిన స్టీలు తీగను లోపల కూర్చి, కొత్త మర తయారు చేయించాం. చిన్న బోల్టు దగ్గర మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు ఆ రిపేరుకు అయింది.

ఇన్ని మరలు ఎందుకొచ్చాయి?

ఒకప్పుడు ఏ పట్టడ బోల్టు ఆ పట్టడ నట్టుకే సరిపోయేది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కర్మాగారాల బోల్టులు సేకరించి, వాటి సగటు తీసి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మర పళ్ళ కోణం 55 డిగ్రీలు, ఏ లావుకు అంగుళానికి ఎన్ని చుట్లో లెక్క. అదే విట్‌వర్త్ మర. తరవాత మోటారు వాహనాలు వచ్చాక కుదుపులకు వదులవకుండా ఉండేందుకు దాని సన్నరకం, బీఎస్‌ఎఫ్, వచ్చింది. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళ కోసం 60 డిగ్రీల సైకిల్ మర వేరే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బోల్టు బ్రిటన్ యంత్రానికి పట్టక నానా ఇబ్బంది పడ్డారు. అందుకని 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి యూనిఫైడ్ అనే ఉమ్మడి మరను ఒప్పుకున్నాయి. ఇది కూడా అంగుళాల్లోనే, 60 డిగ్రీలు. ఈ రోజు మనం కొట్లో కొనేది చాలావరకు మెట్రిక్, అదీ 60 డిగ్రీలే.

బుల్లెట్టు ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన బండి. 1955లో మద్రాసు కంపెనీతో కలిసి ఇక్కడ తయారీ మొదలైంది, మన తిరువొత్తియూరులో కర్మాగారం వచ్చింది. ఆ డిజైనుతో పాటే దాని మరలు కూడా ఓడ దిగాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల వైపు తిరిగింది. అయినా బండి డిజైను ఒక్కరోజులో మారదు కదా! అందువల్ల పాత బుల్లెట్టులో అంగుళాల మరలే రెండు మూడు రకాలు ఉంటాయి. దానిమీద యాభై ఏళ్ళుగా మెకానిక్కులు దూర్చిన మెట్రిక్ బోల్టులు అదనం. ఒక బండిలో ఇన్ని కాలాలు కలిసి ఉంటాయని విప్పిన తరవాతే తెలిసింది.

మాకు తరచు పనికొచ్చిన లెక్క ఇది. అంగుళానికి ఎన్ని చుట్లో చూడండి:

పావు అంగుళం: విట్‌వర్త్ 20, బీఎస్‌ఎఫ్ 26, సైకిల్ 26
5/16 అంగుళం: విట్‌వర్త్ 18, బీఎస్‌ఎఫ్ 22, సైకిల్ 26
3/8 అంగుళం: విట్‌వర్త్ 16, బీఎస్‌ఎఫ్ 20, సైకిల్ 26

సాధారణంగా మెత్తని అల్యూమినియంలోకి దిగేవి ముతక మరతోను, ఉక్కు నట్టు ఎక్కేవి సన్న మరతోను ఉంటాయి. అల్యూమినియంలో పన్ను లావుగా ఉంటేనే నిలుస్తుంది.

విప్పేటప్పుడే సగం పని

బోల్టుల వేట బజారులో మొదలవుతుందని అనుకుంటాం. అసలు మొదలయ్యేది బండి విప్పేటప్పుడు. ఏది ఎక్కడ ఉందో ఫోనులో ఫోటో తీయాలి. వీలైతే బోల్టును విప్పిన రంధ్రంలోనే మళ్ళీ రెండు చుట్లు తిప్పి ఉంచాలి. వీలు కాకపోతే ఒక్కో చోటివి ఒక్కో కవరులో వేసి పేరు రాయాలి. మా ఇంట్లో కోడిగుడ్ల అట్టలు బాగా పనికొచ్చాయి. తుప్పు పట్టింది, తల అరిగింది అని దేన్నీ పారేయకూడదు. విరిగిన ముక్క కూడా కొట్లో మన తరఫున సాక్ష్యం చెబుతుంది.

ఇంకొకటి, స్పానరు. పాత బ్రిటిష్ స్పానర్ల మీద రాసి ఉండేది తల వెడల్పు కాదు, బోల్టు లావు. పావు విట్‌వర్త్ అని ఉన్న స్పానరు నోరు 13.3 మిల్లీమీటర్లు. దానికి 13 స్పానరు ఎక్కదు, 14 వేస్తే జారి తల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. పాత బండి బోల్టుల తలలన్నీ అరిగి ఉండడానికి ఈ తొందరే చాలావరకు కారణం. సరైన స్పానరు లేకపోతే ఆగడమే మంచిది.

కొలవడం

ప్లస్ టూ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్సు పట్టుకుని "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది?" అని గొణుక్కున్నాం గుర్తుందా? ఇక్కడ పనికొస్తుంది. బోల్టును కిరసనాయిలులో నానబెట్టి తోమి, అరగని చోట లావు చూడాలి. తరవాత మర. దానికి పిచ్ గేజి అని ఒకటి దొరుకుతుంది, తాళాల గుత్తిలా సన్నటి రేకులుంటాయి. ఒక్కో రేకు అంచున ఒక్కో రకం పళ్ళు. రేకును మరకు ఆనించి వెలుతురుకు ఎత్తి చూడాలి. సందుల్లోంచి వెలుతురు కనబడకపోతే అదే మన మర. అంగుళాలకు ఒక గేజి, మెట్రిక్‌కు ఒక గేజి, రెండూ ఉండాలి.

గేజి లేకపోతే? మరకు కాస్త మసి పూసి తెల్లకాగితం మీద నొక్కండి. గీతలు పడతాయి. ఒక అంగుళంలో ఎన్ని గీతలో లెక్కపెట్టండి. లేదా తెలిసిన బోల్టును పక్కన పెట్టి పళ్ళలో పళ్ళు కూర్చోబెట్టి చూడండి. పొడుగు తల కింది నుంచి కొన దాకా కొలవాలి. బల్లపరుపుగా లోపలికి దిగిపోయే తల ఉంటే మాత్రం తలతో కలిపి కొలుస్తారు. మర లేని నున్నటి భాగం ఎంతో కూడా రాసుకోవాలి. బ్రేకు, ఇరుసు లాంటి చోట్ల బరువు ఆ నున్నటి భాగం మీద పడాలి, మర మీద పడితే అక్కడే తెగుతుంది.

పారీస్‌లో మొదటిసారి ఒక కొట్టుకు వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర ఆయన నా చేతిలోని బోల్టు వైపు చూడకుండానే "మెకానిక్కును పంపించమ్మా" అన్నాడు. రెండోసారి నోటుబుక్కుతో వెళ్ళాను. "ఎత్తన నూల్‌మా?" అని అడిగాడు. ఎన్ని నూళ్ళు అని. నూలు అంటే ఇక్కడి బజారు లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. పావు అంగుళం రెండు నూలు, 3/8 మూడు నూలు, మధ్యలో 5/16 రెండున్నర నూలు. "రెండున్నర నూలు, బీఎస్‌ఎఫ్, అంగుళానికి 22, పొడుగు ఒకటిన్నర" అన్నాను. ఆయన స్టూలెక్కి పైఅరలోని డబ్బా దింపాడు. ఇంగ్లీషువాళ్ళు మరకు దారం పేరు పెడితే, మన బజారువాళ్ళు కొలతకు దారం పేరు పెట్టారు. ఇది మన డిపార్టుమెంటువాళ్ళకు నచ్చే సంగతే అనుకుంటాను.

తల మీద రాత

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో ఉంటుంది. అది సైజు కాదు, బలం. మొదటి అంకెను 100తో గుణిస్తే తెగేముందు ఎంత లాగుడు ఓర్చుకుంటుందో మెగాపాస్కళ్ళలో వస్తుంది. 8.8 అంటే 800. రెండో అంకె, అందులో ఎన్నో వంతు దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. 800లో పదింట ఎనిమిది వంతులు, అంటే 640. కిటికీ గ్రిల్లుకు వాడే మామూలు బోల్టు 4.6, అంటే 400, 240. రెండూ పక్కపక్కన పెడితే కంటికి ఒకటే! తల మీద ఏ రాతా లేని బోల్టును బ్రేకుకూ చక్రానికీ వాడకూడదు. తయారీదారు గుర్తు కూడా ఉండాలి. మన పాడిలోని సుందరం ఫాస్టెనర్స్ బోల్టుల మీద టీవీఎస్ అని ఉంటుంది.

మెరుస్తుంది, తుప్పు పట్టదు అని చాలామంది అన్నీ స్టెయిన్‌లెస్ వేస్తారు. మామూలుగా దొరికే ఏ2-70 రకం 450 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది, 8.8 కంటే తక్కువే. పైగా అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ వేస్తే తేమ తగిలినప్పుడు అల్యూమినియం తినేయబడుతుంది. సముద్రం పక్కన ఉన్న మన ఊళ్ళో ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. మడ్‌గార్డుకు, నంబరు ప్లేటుకు వేసుకోండి. ఇంకెక్కడైనా వేయాల్సివస్తే మరకు పట్టుకుపోకుండా ఉండే గ్రీజు రాసి వేయండి.

ఏది ఎక్కడ?

మెట్రిక్ బోల్టులకు పారీస్ ప్రాంతం: లింగి చెట్టి వీధి, సెంబుదాస్ వీధి చుట్టుపక్కల. అక్కడ అడగాల్సింది లావు, చుట్టు దూరం, పొడుగు, బలం. నాలుగూ ఒకే వరసలో చెబితే పని త్వరగా అవుతుంది. అంగుళాల మరలు అన్ని కొట్లలో ఉండవు. పాతకాలపు కొట్లలో అడుగుడబ్బాల్లో దొరుకుతాయి, ఓపికుండాలి.

బండికే ప్రత్యేకమైన వాటికి, అంటే ఇరుసు నట్లు, స్టడ్లు, తల ఆకారం వేరుగా ఉండేవాటికి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని విడిభాగాల కొట్లు. బండి ఏ సంవత్సరానిదో చెప్పాలి, పాత ముక్క చూపించాలి. ప్యాకెట్టు మీద బండి పేరు ఉందని నమ్మి కొనేయకుండా మన దగ్గరున్న నట్టును చేత్తో తిప్పి చూడాలి. చివరిదాకా వేళ్ళతోనే సాఫీగా తిరగాలి, అటూ ఇటూ ఊగకూడదు.

పుదుపేట పాత బండ్ల బజారు. కంపెనీ అసలు బోల్టులు అక్కడ దొరుకుతాయి, వాటి తల ఆకారం కొత్తవాటిలో కనబడదు. కానీ ఒకటి చూసుకోవాలి. వాడిన బోల్టు ఒకచోట సన్నబడి ఉందంటే అది సాగిపోయిందన్నమాట. తుప్పు గుంటలున్నా వద్దు. పైకి కనబడే అలంకారపు చోట్లకు సరే, బ్రేకుకు పుదుపేట బోల్టు వద్దని నాయన మొదటి రోజే గీత గీశాడు. ఏది కొన్నా బిల్లు అడగడం మంచిది.

ఎక్కడా దొరకనిది లేత్ పట్టడలో చేయించాలి. ఏ ఉక్కు అని వాళ్ళు అడగకపోయినా మనం చెప్పాలి. మామూలు చోట్లకు ఈఎన్ 8, బరువు పడే చోట ఈఎన్ 24. సరిపోయే నట్టును కూడా ఇచ్చి రావాలి. లేత్ మీద కోసిన మర కంటే ఫ్యాక్టరీలో ఒత్తి చేసిన మర గట్టిది. కాబట్టి కొనగలిగినదాన్ని చేయించుకోనక్కర్లేదు.

స్ప్లిట్ పిన్నులు, లోపల నైలాను రింగు ఉండే నట్లు ఎప్పుడూ కొత్తవే. వాటిని రెండోసారి వాడటం పొదుపు కాదు. నైలాను నట్టును సైలెన్సరు దగ్గర వేయకూడదు, వేడికి రింగు కరుగుతుంది.

మీ ఇంట్లో వేరే బండి ఉంటే

మైసూరు జావా, ఎజ్డీ చెకోస్లొవేకియా డిజైను, మెట్రిక్. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్, అదీ మెట్రిక్కే. పాత వెస్పా, లాంబ్రెటా స్కూటర్లు కూడా మెట్రిక్కే గానీ ఇంజనులో ఎం 7 కనబడుతుంది, తలకు 11 స్పానరు. ఎం 7 సాధారణ హార్డ్‌వేరు కొట్లో ఉండదు. ఎం 8 పట్టేలా రంధ్రం పెద్దది చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, స్కూటరు విడిభాగాల కొట్లో అడగండి. అంబాసిడరు, మన మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డు ఇంగ్లీషు బండ్లు, వాటిలో యూనిఫైడ్ మర ఎక్కువ. బండి పుట్టిన దేశం, పుట్టిన సంవత్సరం తెలిస్తే మర సగం తెలిసినట్టే. మిగతా సగం గేజి చెబుతుంది.

మా జాబితాలో మొత్తం 94 చోట్లు ఉన్నాయి. 71 టిక్కు పడ్డాయి. ముందు బ్రేకువి అన్నీ అయిపోయాయి, అవ్వకు ఆ పేజీ చూపించాం కూడా. బండి వయసు 15 ఏళ్ళు దాటింది కాబట్టి ఆర్సీ ప్రతి 5 ఏళ్ళకూ పొడిగించుకోవాలి, దానికి బండిని నడిపి తీసుకెళ్ళి చూపించాలి. ఆ లోపు మిగతా 23 దొరకాలి.

మీ ఇంట్లో కూడా తాతదో పెదనాన్నదో బండి ఒక మూల గోనెపట్టా కింద ఉంటే, దాన్నుంచి ఒక బోల్టు విప్పి డిపార్టుమెంటుకు తీసుకురండి. రెండు గేజిలూ నా బ్యాగులోనే ఉంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక అయిదు నిమిషాలు చాలు, దాని పేరు చెప్పేస్తాను. పేరు తెలిశాక కొట్టు వెతకడం పెద్ద కష్టం కాదు.